పడవకి తూము

చెరువుకి గట్టు వేసినవాడు గొప్పవాడా, ఆ గట్టుకి తూము పెట్టినవాడు గొప్పవాడా అని ఎవరైనా అడిగితే నా ఓటు తూము పెట్టినవాడికే. గట్టు వెయ్యడానికి కావలసింది మట్టీ, ఒళ్ళు వంచే మనుషులూ. తూము పెట్టడానికి గుండె కావాలి. నీళ్ళు నిలబెట్టాలని అన్నాళ్ళు చాకిరీ చేసి, తీరా నిలబడ్డాక, ఆ గట్టు అడుగునే చేజేతులా ఒక కన్నం పెట్టడమంటే మాటలా? పెట్టి ఊరుకుంటే చాలదు. ఆ కన్నానికి తలుపు పెట్టాలి. తలుపు దగ్గర ఒక మనిషిని పెట్టాలి. వానాకాలం రాత్రి ఆ మనిషి నిద్రపోయాడంటే ఊరు మొత్తానికి నిద్ర ఉండదు.

మా రావికమతం వాళ్ళకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. కల్యాణపులోవ జలాశయం మా మండలంలోనిదే. కొండల మీంచి దిగిన నీళ్ళు అక్కడ ఆగి, తూముల్లోంచి పొలాలకి పోతాయి. అంతేగాని సముద్రం మాకు కనపడదు. అనకాపల్లి వెళ్ళి, అక్కణ్ణించి అచ్యుతాపురం మీదుగా పూడిమడక దాకా పోతేగాని ఉప్పుగాలి ముఖానికి తగలదు. అలాంటి మెట్టఊరిదాన్ని పడవల గురించి రాస్తానంటే ఇంట్లోవాళ్ళే నవ్వారు. కానీ ఆలోచించి చూడండి. పడవంటే తిరగేసిన చెరువు. చెరువుకి నీళ్ళు లోపల ఉంటాయి, బయటికి పోకూడదు. పడవకి నీళ్ళు బయట ఉంటాయి, లోపలికి రాకూడదు. మరి పడవకి కూడా తూములుంటాయని మీకెవరైనా చెప్పారా?

ఉంటాయి. లోపల ఇంజను బిగించిన పడవలకి ఉంటాయి. ఇంజను వేడెక్కకుండా చల్లటి నీళ్ళు లోపలికి లాక్కోవడానికి అడుగున ఒక కన్నం. పంకా తిప్పే ఇనపకడ్డీ, అదే షాఫ్టు, బయటికి పోవడానికి ఒక కన్నం. చుక్కాని కాడ కిందికి దిగడానికి మరొకటి. రెండు ఇంజన్లూ రెండు చుక్కానులూ ఉంటే ఇవన్నీ రెండేసి. పడవల చరిత్ర రాసినవాళ్ళు తెరచాపల గురించీ, సాహసికులైన నావికుల గురించీ, రత్నాలూ సుగంధద్రవ్యాల గురించీ పుస్తకాల కొద్దీ రాశారు. ఈ కన్నాల గురించి మాత్రం ఎవరికీ పెద్దగా పట్టలేదు. నన్నడిగితే అసలు చరిత్ర అక్కడే ఉంది. నీళ్ళ మీద తేలే వస్తువుకి నీటిమట్టం కిందుగా కన్నం పెట్టే ధైర్యం మనిషికి ఎప్పుడొచ్చింది, ఆ కన్నాన్ని ఎలా కాపాడుకున్నాడు అన్నదే నేను చెప్పదలుచుకున్న కథ.

మన తీరం వాళ్ళు ఈ చిక్కుకి మొట్టమొదట కనిపెట్టిన జవాబు తెప్ప. నాలుగైదు దుంగలు పక్కపక్కన చేర్చి, తాళ్ళతో బిగించి కట్టేస్తే అది తెప్ప. దానికి లోపలా లేదు, బయటా లేదు. కెరటం మీంచి వచ్చిన నీళ్ళు దుంగల సందుల్లోంచి కిందికి పోతాయి. మునగడానికి అందులో ఏమీ లేదు. కన్నాల భయం బొత్తిగా లేని వాహనం అది. నేల మీదికి వచ్చాక కట్లు విప్పి, దుంగలు ఆరబెట్టుకోవచ్చు కూడా. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో ఒక గ్రీకు వర్తకుడు రాసిన 'పెరిప్లస్' అనే ప్రయాణ గ్రంథంలో మన తూర్పుతీరం ఓడల ప్రస్తావన ఉంది. పెద్ద పెద్ద దుంగలు జతచేసి కట్టిన నావల్ని 'సంగర' అంటారని అతను రాసుకున్నాడు. మచిలీపట్నం ప్రాంతాన్ని 'మసాలియా' అని పేర్కొన్నదీ అతనే.

రెండో జవాబు మసూలా పడవ. ఇది మరీ విచిత్రమైనది. పలకని పలకతో మేకులు కొట్టి కాదు, కొబ్బరిపీచు తాడుతో కుట్టి చేసేవారు. అవునండీ, మనం విస్తరి కుట్టినట్టూ, బొంత కుట్టినట్టూ కుట్టడమే. పలకల అంచుల పొడవునా వరసగా కన్నాలు తొలిచి, సందుల్లో పీచు కూరి, తాడు లాగి బిగించేవారు. ఒక కన్నానికే భయపడాల్సిన చోట వందల కన్నాలు! లోపల పక్కటెముకల్లాంటి వంపుకర్రలు కూడా ఉండవు. చెక్కనాలుగు పలకలూ తాళ్ళ ఆధారంతోనే నిలబడాలి. ఎందుకలాగ అంటే, మన తీరంలో కెరటం ఒడ్డుకి వచ్చి విరుచుకు పడుతుంది. మేకులతో బిర్రుగా బిగించిన పడవ ఆ దెబ్బకి పగిలిపోతుంది. కుట్టిన పడవ ఒంగి, లొంగి, మళ్ళీ సర్దుకుంటుంది. నీళ్ళు ఊరతాయి. ఊరితే తోడిపోస్తారు. తోడడానికే ఒక మనిషి ఉండేవాడు. అటు మద్రాసులోనూ, ఇటు మన విశాఖపట్నంలోనూ ఓడలు దూరాన లంగరు వేసుకుని నిలబడితే దొరల్నీ, దొరసానుల్నీ, వాళ్ళ పెట్టెల్నీ ఒడ్డుకి చేర్చినవి ఈ కుట్టుపడవలే. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ విశాఖ రేవు లోపలికి వచ్చి నిలిచేదాకా మన విశాఖలో అదే పద్ధతి.

ఇంతకీ ఈ పడవలకి దారి చూపించేదెవరు? చుక్కానే గదా అంటారు. కాదు. తెప్పకీ, మసూలా పడవకీ వెనక ఒక పొడుగాటి తెడ్డే చుక్కాని. ఒడ్డుకి వచ్చేముందు పైకి లాగేసుకుంటే సరిపోతుంది. కిందికి వేలాడే చుక్కాని ఉంటే ఇసకలో గుచ్చుకుని విరిగి ఊరుకుంటుంది. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి వేయించిన సీసపు నాణేల మీద రెండు తెరచాపకొయ్యల ఓడ బొమ్మ ఉంటుంది. అలాంటి నాణేలు కొన్నింటి మీద ఓడ వెనక భాగాన తెడ్లలాంటి చుక్కానులు రెండు కనిపిస్తాయని నాణేలు పరిశీలించినవాళ్ళు రాశారు. క్రీస్తు శకం రెండో శతాబ్దం నాటి మాట ఇది. ఓడ అంత పెద్దదైనా దారి తిప్పేది తెడ్డే. ఓడ ఒంటికి కన్నం పడలేదు.

చుక్కాని అన్న మాట సంగతి కూడా కొంచెం చెప్పుకోవాలి. చుక్కల్ని చూసి నడిపేది కాబట్టి చుక్కాని అనుకుంటే వినడానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ అరబ్బీలో చుక్కానిని 'సుక్కాన్' అంటారు. మన మాట దాని చుట్టమే. తెప్ప, తెడ్డు మన సొంత ఆస్తి. లంగరు, సరంగు, కలాసీ లాంటివి అరబ్బుల వెంటా పారశీకుల వెంటా సముద్రం మీద వచ్చి మన ఇంట్లో కూర్చున్న అతిథులు. ఎవరి దగ్గర ఏ పనిముట్టు నేర్చుకుంటే వాళ్ళ మాట కూడా వచ్చేస్తుంది, ఇప్పుడు బోల్టూ, వాల్వూ వచ్చినట్టే.

ఓడ వెనక మధ్యలో నిలువుగా వేలాడే చుక్కాని మొదట చైనావాళ్ళది. కాంటన్ నగరం దగ్గర ఒక సమాధిలో దొరికిన మట్టి ఓడబొమ్మకి అలాంటి చుక్కాని ఉంది. దాని వయసు దాదాపు రెండు వేల ఏళ్ళు. అల్ ముఖద్దసీ అనే అరబ్బు భూగోళ రచయిత 985 నాటి తన గ్రంథంలో ఎర్రసముద్రం ప్రయాణం వర్ణించాడు. ఓడ యజమాని పైన కూర్చుని రాళ్ళున్న చోటు చూసి కుడి అనో ఎడమ అనో కేక వేస్తాడట. ఆ కేకని కుర్రాళ్ళు అందుకుని మళ్ళీ అరుస్తారట. చుక్కాని పట్టినవాడు చేతిలోని రెండు తాళ్ళని అటో ఇటో లాగుతాడట. యూరోపు దేశాల ఓడలకి తలుపుకి మడతబందుల్లా ఇనపకొక్కేలతో తగిలించే చుక్కాని పన్నెండో శతాబ్దం చివర్లోగాని కనపడదు. ఇక్కడ ఒక్క విషయం గమనించండి. ఇవన్నీ ఓడ బయట వేలాడదీసినవే. తలుపు ఊడితే ఇల్లు కూలదు కదా! చుక్కాని ఊడితే ఓడ దారి తప్పుతుందేగాని ఆ కారణంగా నీళ్ళు లోపలికి రావు.

అయినా ఓడలు మునగకపోలేదు. పురుగు తిన్న చెక్కలూ, వదులైన కుట్లూ, తుఫాన్లూ చాలు. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతాల మోటుపల్లిలో వేయించిన అభయశాసనం ఇందుకు సాక్ష్యం. అంతకుముందు రాజులు, గాలివానకి దెబ్బతిని ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా తీసేసుకునేవారు. పాపం, ప్రాణాలకి తెగించి వచ్చిన వర్తకుల సొమ్ము మాకొద్దు, న్యాయమైన సుంకం ఇస్తే చాలని ఆయన అభయమిచ్చాడు. ఓడ అడుగుని నమ్ముకుని వచ్చేవాడి గుండె ఎంత కొట్టుకుంటుందో ఆ రాజుకి తెలుసునన్నమాట.

కాకినాడ పక్కన కోరంగి అని ఒక రేవు ఉండేది. ఓడలు కట్టడానికీ, పాత ఓడలు బాగుచెయ్యడానికీ పేరుపడ్డ ఊరు. బర్మాలో తెలుగువాళ్ళని 'కోరంగీలు' అని పిలిచేవారంటే ఆ రేవు పలుకుబడి ఎంతటిదో ఊహించుకోండి. 1789 డిసెంబరులో ఒకసారీ, 1839 నవంబరులో మరోసారీ ఉప్పెన వచ్చి ఆ ఊరిని తుడిచిపెట్టింది. ఆ మొదటి ఉప్పెన వర్ణన రాసిన కలకత్తా దొర హెన్రీ పిడింగ్టనే 'సైక్లోన్' అన్న మాట సృష్టించింది. ఆ తరవాత కూడా పక్కనున్న తాళ్ళరేవులో చెక్క ఓడలు కట్టే పని సాగింది. వాళ్ళు చెక్కతో ఎంత నైపుణ్యం చూపించినా, ఓడ అడుగుకి కావాలని కన్నం పెట్టే అవసరం తెరచాప ఉన్నన్నాళ్ళూ రాలేదు. గాలికి కన్నం అక్కర్లేదు మరి.

ఆవిరియంత్రం వచ్చాకనే ఆ ముచ్చట మొదలయింది. తొలినాటి ఆవిరి ఓడలకి పక్కల పెద్ద చక్రాలుండేవి. వాటి ఇరుసు నీటికి పైనే. 1836లో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ అనే ఆయనా, స్వీడన్ దేశపు జాన్ ఎరిక్‌సన్ అనే ఆయనా ఎవరికి వారు నీళ్ళలో మునిగి తిరిగే పంకాకి పేటెంటు తీసుకున్నారు. 1845లో ఇంగ్లీషు నౌకాదళం ఒక తమాషా చేసింది. పంకా ఉన్న రాట్లర్ అనే ఓడనీ, చక్రాలున్న అలెక్టో అనే ఓడనీ తాడుతో వెనకా వెనకా కట్టి లాగమంది. మన పల్లెటూళ్ళలో తాడాటలాగే. పంకా ఓడ చక్రాల ఓడని వెనక్కి ఈడ్చుకుపోయింది. చక్రాల పని అక్కడితో సరి.

కానీ పంకా గెలవడంతో ఓడ అడుగుకి కన్నం తప్పనిసరి అయింది. లోపల యంత్రం, బయట పంకా, మధ్యలో నిమిషానికి ఎన్నోసార్లు తిరిగే షాఫ్టు. తిరిగే వస్తువు చుట్టూ నీళ్ళు రాకుండా కట్టడమెలా? ఇత్తడి గొట్టంలో ఇనపకడ్డీ తిప్పితే కొద్దికాలానికే అరిగిపోయి, నీళ్ళు ధారకట్టేవి. పెద్ద పెద్ద యుద్ధనౌకలకే గుండె జారింది. చివరికి 1854లో జాన్ పెన్ అనే ఇంజనీరు దారి చూపించాడు. ఏమిటనుకున్నారు? కర్ర! వెస్టిండీస్ దీవుల్లో పెరిగే లిగ్నమ్ వైటీ అనే చెట్టు చేవ. నీళ్ళలో వేస్తే మునిగిపోయేంత బరువైనది, ఒంట్లో సహజంగా నూనె ఉన్నది. ఆ కర్ర ముక్కలు గొట్టం లోపల పేర్చి, నీళ్ళనే కందెనగా వదిలాడు. కర్ర ఓడలని ఇనప ఓడలు తరిమేస్తున్న రోజుల్లో, ఇనప ఓడ కన్నాన్ని కాపాడింది మళ్ళీ కర్రే.

ఈ సంగతులన్నీ పుస్తకాల్లో చదివి తెలుసుకున్నవి. కన్నం మాత్రం కళ్ళారా చూశాను. ఒక నవల కోసం కొన్నేళ్ళ కిందట విశాఖ చేపలరేవు వైపు వెళ్ళి, ఒడ్డుకెక్కించి బాగుచేస్తున్న పాత ఇంజను పడవ దగ్గర రెండు రోజులు కూర్చున్నాను. పడవ చేతులు మారి మారి మూడో యజమాని దగ్గరికి వచ్చింది. ఆయన కొత్త ఇంజను కొన్నాడు. ఇంజను కొత్తదైతే నీళ్ళు తాగే గొట్టం కొత్తది కావాలి, చుక్కాని మార్చాలి. పని చేస్తున్న మేస్త్రీగారికి డెబ్భై దాటి ఉంటాయి. ఇంటికి కన్నం వేసేవాడు దొంగ, పడవకి కన్నం వేసేవాడు మేస్త్రీ అన్నాను నేను నవ్వుతూ. ఆయన నవ్వలేదు.

"దొంగ యేసి పారిపోతాడమ్మా. నాను ఎక్కడికి పోతాను? పడవ మునిగితే నా ఇంటికే వొస్తారు" అన్నాడు.

ఆయన పని చేసిన తీరు చెబుతాను. ముందు లోపలి నుంచి సన్నటి బెజ్జం తొలిచాడు. బయటికి వెళ్ళి, అది పలకల అతుకు మీద గాని, వంపుకర్ర పక్కన గాని పడిందా అని చూశాడు. బాగున్నదనుకున్నాకే పెద్దది తొలిచాడు. తొలిచాక అంచులో బయటపడ్డ పచ్చికర్రకి రంగు పట్టించి ఆరనిచ్చాడు. చెక్క నీళ్ళు పీల్చేది అక్కడేనట. లోపలి వైపు గట్టికర్రతో మందపాటి దిమ్మ వేశాడు, బరువు పలక మీద పడకుండా. పూర్వం తెల్లసీసం, అవిసెనూనె కలిపి ముద్దచేసి మధ్యలో పూసేవారట. ఇప్పుడు ట్యూబులో వచ్చే జిగురు. కంచు గొట్టం బయటి నుంచి దూర్చి, లోపల మరబిళ్ళ బిగించి, దాని మీద తిప్పి మూసే వాల్వు పెట్టాడు.

"ఇత్తడి చవక గదా, ఇత్తడిదే వెయ్యొచ్చు గదా మేస్త్రీగారూ?" అన్నాను.

"ఇత్తడి మీ ఇంట్లో బిందెకి పనికొస్తాదమ్మా. సముద్రానికి కాదు" అంటూ ఊడదీసిన పాత గొట్టం ఒకటి నా చేతిలో పెట్టాడు. పసుపు రంగు పోయి గులాబీ రంగు తిరిగింది. వేలితో నొక్కితే రొట్టెలా పెళుసుగా విరిగింది. ఇత్తడంటే రాగీ తుత్తునాగం. ఉప్పునీళ్ళు తుత్తునాగాన్ని తినేసి రాగిని డొల్లగా మిగులుస్తాయి. కంచులో రాగితో ఉండేది తగరం కాబట్టి నిలబడుతుంది.

లోహాన్ని లోహంతో కాపాడవచ్చని చెప్పినవాడు హంఫ్రీ డేవీ. ఇంగ్లీషు యుద్ధనౌకల అడుగున పురుగు తినకుండా రాగిరేకులు తొడిగేవారు. ఆ రేకుల్ని ఉప్పునీళ్ళు తింటుంటే, పక్కన ఇనపముక్కో తుత్తునాగమో పెడితే నీళ్ళు దాన్ని తిని రాగిని వదిలేస్తాయని 1824లో ఆయన చూపించాడు. మొదటగా పరీక్షకి పెట్టిన నౌకల్లో ఒకటైన సమరాంగ్ మన కొచ్చిన్‌లో టేకుతో కట్టినదే. రాగి చెడలేదు గాని, రాగి విషం దిగడం మానేసేసరికి గుల్లలూ నాచూ చక్కగా కాపురం పెట్టాయి. ఓడ నడక మందగించింది. ఒక రోగానికి మందేస్తే మరొకటి బయల్దేరడం ఒళ్ళకే కాదు, ఓడలకీ ఉంది. అయినా ఆ సూత్రం బతికింది. ఇవాళ్టి ఓడల అడుగున చుక్కాని దగ్గరా పంకా దగ్గరా బిగించే తుత్తునాగం బిళ్ళలు డేవీ చలవే. బిళ్ళ కరిగిపోతుంటే సంతోషించాలి, చుక్కాని బతికి ఉందని.

ఆ పడవకి చుక్కానులు రెండు, పంకాకి ఒకటి చొప్పున. పంకా తోసే నీళ్ళు నేరుగా చుక్కానికి తగిలితేనే పడవ మాట వింటుంది. అయితే సరిగ్గా మధ్యగీత మీద కాకుండా కాస్త పక్కకి పెట్టాడు మేస్త్రీ. ఎప్పుడైనా షాఫ్టు బయటికి లాగాల్సి వస్తే చుక్కాని అడ్డం రాకూడదట. చుక్కాని రేకులో కొద్ది భాగం, అయిదో వంతుకి మించకుండా, కాడకి ముందువైపు ఉండేలా చూశాడు. అప్పుడు తిప్పేవాడి చేతికి బరువు తగ్గుతుంది. ముప్ఫై అయిదు డిగ్రీలకి మించి తిరగకుండా అడ్డుకట్టలు వేశాడు. అంతకన్న తిప్పితే పడవ తిరగదు, నీటికి అడ్డుగోడలా ఆగుతుంది.

కాడ దిగే చోట, షాఫ్టు వెళ్ళే చోట గ్లాండు. గ్లాండంటే మా రావికమతం రైతులకి పాఠం చెప్పక్కర్లేదు. బావి మీది మోటారు పంపుకి ఉండేదీ అదే. కొవ్వు పట్టించిన తాడు చుట్లు చుట్లుగా కూరి, మీద బిళ్ళతో నొక్కడం. అంత జాగ్రత్తగా చేసిన మనిషి, షాఫ్టు గ్లాండు మాత్రం కాస్త వదులుగా వదిలేశాడు.

"ఇంకొంచెం బిగిస్తే మొత్తం ఆగిపోతుంది గదా?" అని అడిగాను.

"ఆగకూడదమ్మా. ఇంజను తిరిగినంతసేపూ సుక్క సుక్కా కారాల. ఆ సుక్కే దానికి సల్లదనం. బొత్తిగా ఆపేస్తే తాడు కాలిపోయి, కడ్డీ అరిగిపోయి, అప్పుడు దారే కారతాది."

అసలు కథ రెండో రోజు జరిగింది. అడుగున పాత రంగు గీకుతుంటే, మేస్త్రీ చేతికింది కుర్రాడు కేక వేశాడు. రంగు పొరల కింద ఇంకో కన్నం! దానికి లోపల ఒక గొట్టం, గొట్టానికి బిగుసుకుపోయిన వాల్వు, వాల్వుకి ఎండి బీటలు వేసిన రబ్బరు పైపు. ఆ పైపు ఏ పనికీ పోవడం లేదు, మూల చుట్టి పడేసి ఉంది. మొదటి యజమాని దేనికో పెట్టించి ఉంటాడు. రెండో యజమానికి తెలుసో లేదో. మూడో ఆయనకి తెలియనే తెలియదు. కుర్రాడు పైపు పట్టుకుని వంచాడు. పుటుక్కున విరిగింది. నేల మీద కాబట్టి ఏమీ కాలేదు.

నీళ్ళ మీదైతే? ఒకటిన్నర అంగుళం కన్నం, నీటి మట్టానికి రెండడుగుల కింద ఉంటే, నిమిషానికి దాదాపు 140 లీటర్ల నీళ్ళు లోపలికి వస్తాయి. మన భాషలో చెప్పాలంటే నిమిషానికి తొమ్మిది బిందెలు. గంటకి ఎనిమిది టన్నుల పైమాటే. ఇంజను చప్పుడులో ఆ నీళ్ళ చప్పుడు వినపడదు. పాదాలకి తడి తగిలేటప్పటికి ఇంజను మునిగి ఉంటుంది, ఇంజను మునిగితే నీళ్ళు తోడే పంపు ఆగుతుంది.

యజమాని మొహం పాలిపోయింది. ఆ పడవ మీద పోయేది ఆయన ఇద్దరు కొడుకులు. మేస్త్రీ ఏమీ అనలేదు. ఆ కన్నాన్ని కర్రతో మూసి, పలక మార్చాడు. తరవాత ఒక సుద్దముక్క తీసుకుని, పడవలో ఉన్న ప్రతి వాల్వు దగ్గరా చెక్క మీద గుండ్రంగా గీత గీసి, యజమానినీ, ఇద్దరు కొడుకుల్నీ పిలిచి, ఒక్కొక్కటీ వాళ్ళ చేతే తిప్పించి మూయించాడు. మెత్తటి కర్రతో ఒకవైపు సన్నగా చెక్కిన బిరడాలు చేసి, ప్రతి వాల్వుకీ ఒకటి చొప్పున తాడుతో కట్టాడు. గొట్టం విరిగితే వెతుక్కోనక్కర్లేకుండా అందుకుని, కన్నంలో పెట్టి గుద్దడానికి. పావలా కర్ర అది.

ప్రపంచం నలుమూలలా చిన్నపడవల వాళ్ళు పాటించే పద్ధతేనట ఇది. కానీ ఆ పూట అది నాకు పెద్ద వేదాంతంలా తోచింది. కన్నం ఉండటం ప్రమాదం కాదు. ఎక్కడుందో తెలిసినవాళ్ళు లేకపోవడం ప్రమాదం.

మన తీరం చిన్న జాలర్లు మాత్రం ఇంజను వచ్చాక కూడా ఈ కన్నంతో అంత తేలిగ్గా రాజీ పడలేదు. రేవులో నిలబడే పెద్ద మరపడవలకి షాఫ్టూ చుక్కానీ అడుగున ఉంటే ఇబ్బంది లేదు. కెరటం దాటి ఇసక మీదికి లాక్కునే పడవకి అదే చావు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, స్వీడన్ సహాయంతో 1979లో మద్రాసు కేంద్రంగా మొదలుపెట్టిన బంగాళాఖాతం పథకం వాళ్ళు దీనికొక ఉపాయం చేశారు. ఐఎన్‌డీ 20 అని పేరుపెట్టిన పడవలో ఇంజనూ షాఫ్టూ పంకా ఒకే దిమ్మగా పైకి ఎత్తగలిగేలా అమర్చి, కదిలే భాగానికీ పడవ అడుగుకీ మధ్య హార్మోనియం తిత్తిలా ముడుచుకునే రబ్బరు తొడుగు వేశారు. ఒడ్డు దగ్గరపడగానే పంకా పైకి, కన్నం మాత్రం మూసినది మూసినట్టే. 1980లలో మన ఉప్పాడ తీరాన కూడా ఈ రకం పడవల్ని వేటకి పంపి పరీక్షించారు.

తరవాత ఫైబరు తెప్పలు వచ్చాయి. జాలర్లు ఇంకా సులువైన దారి పట్టారు. ఇంజనుని పడవ పైనే పెట్టి, పొడుగాటి షాఫ్టుని వెనక నుంచి నీళ్ళలోకి వంచారు. తెడ్డు ఎలా పడితే అలా. ఇంజను తిప్పితే పడవ తిరుగుతుంది, కాబట్టి వేరే చుక్కాని అక్కర్లేదు. ఒడ్డు రాగానే ఎత్తేస్తే సరి. పడవ అడుగున ఒక్క కన్నమూ లేదు. పూడిమడకలో నిలబడి చూస్తే, యజ్ఞశ్రీ నాణెం మీది తెడ్డుకి డీజిల్ ఇంజను తగిలించినట్టే ఉంటుంది. రెండు వేల ఏళ్ళ నాటి జవాబుని వాళ్ళు వదల్లేదు, దానికి హార్స్‌పవరు కలిపారంతే.

పెద్ద ఓడలకి ఆ వెసులుబాటు లేదు. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ పునాదిరాయి వేసిన విశాఖ ఓడల కర్మాగారంలో తయారై, 1948 మార్చి 14న నెహ్రూగారి చేతుల మీదుగా నీళ్ళలోకి జారిన జలఉష మొదలుకొని, ఇవాళ్టి దాకా అక్కడ కట్టే ఓడలన్నిటికీ అడుగున తూములే తూములు. ప్రతి దానికీ తలుపుంది, ప్రతి తలుపుకీ పటంలో ఒక గుర్తుంది.

వచ్చే సెలవుల్లో పిల్లల్ని తీసుకుని విశాఖ సముద్రతీరానికి వెళితే, కురుసుర జలాంతర్గామిని ఎలాగూ చూపిస్తారు. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసి, 2002లో ఇసక మీదికి వచ్చి ప్రదర్శనశాల అయింది. టిక్కెట్టు కొని నేరుగా లోపలికి పోకండి. ముందు వెనకవైపుకి వెళ్ళి మూడు పంకాలూ, చుక్కానీ నిదానంగా చూడండి. మామూలు రోజుల్లో ఏ మనిషి కంటా పడని చోటు అది. ఆ కాడలు ఒంట్లోకి దూరే చోట ఒక్కొక్క గ్లాండు, దాని దగ్గర ముప్ఫై ఏళ్ళకు పైగా ఎవరో ఒకరు కాపలా. తరవాత మెట్లెక్కి, మనబోటివాళ్ళు వంగక్కర్లేకుండా పోవడానికి పక్కన కోసి పెట్టిన గుమ్మంలోంచి లోపలికి వెళ్ళండి. సముద్రానికి పోవడం మానేసిన ఓడకి ఎంత గుమ్మమైనా పెట్టుకోవచ్చు, కాపలా అక్కర్లేదు. పోయేవాటికే ఆ బిరడా, ఆ తాడూ.